సొవెటో పిల్లల తిరుగుబాటు, 1976 జూన్ 16: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూన్ నెల సగంలో ఒక నలుపు తెలుపు ఫొటో ఫోన్లలో తిరుగుతుంది. డంగరీలు వేసుకున్న ఒక కుర్రాడు నెత్తురోడుతున్న పిల్లాణ్ణి రెండు చేతుల మీద మోసుకుని పరిగెడుతుంటాడు, పక్కన స్కూల్ యూనిఫాంలో ఒక అమ్మాయి అరచెయ్యి పైకెత్తి ఏడుస్తూ ఉంటుంది. కింద రెండు లైన్లు రాసి పంపిస్తారు. ఆ రెండు లైన్లు సరిపోవు, పైగా వాటిలో చాలాసార్లు తప్పులుంటాయి. అందుకే తరచూ వినపడే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, తెలిసినంతవరకు జవాబులు రాస్తున్నాను. నచ్చిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదువుకోవచ్చు.

అసలు ఏం జరిగింది? ముందు క్లుప్తంగా చెప్పండి.

దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ పక్కన, నల్లజాతి జనాన్ని ఊరి బయట విడిగా ఉంచడానికి కట్టిన బస్తీలన్నీ కలిపితే సొవెటో. 1976 జూన్ 16, బుధవారం ఉదయం అక్కడి బడిపిల్లలు క్లాసులు మానేసి ఊరేగింపుగా బయల్దేరారు. పదివేల మందని కొందరు, ఇరవై వేలని కొందరు లెక్క చెబుతారు. లెక్కలు, చరిత్ర, భూగోళం ఆఫ్రికాన్స్ భాషలోనే (డచ్చి నుంచి పుట్టిన భాష, అప్పటి తెల్ల పాలకుల భాష) చదవాలన్న ఉత్తర్వు తీసెయ్యమని వాళ్లు అడిగారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఆ సాయంత్రానికి సొవెటో తగలబడుతోంది. నెలల తరబడి దేశమంతా అదే పరిస్థితి.

ఆ ఉత్తర్వులో ఏముంది?

1974లో బంటు విద్యాశాఖ ఒక సర్క్యులర్ పంపింది (నల్లజాతి పిల్లల చదువు చూసుకోవడానికి పెట్టిన ప్రత్యేక శాఖ అది, తెల్లపిల్లలకు వేరే శాఖ). స్టాండర్డ్ 5 నుంచి, అంటే దాదాపు మన ఏడో తరగతి నుంచి, సగం సబ్జెక్టులు ఇంగ్లీషులో, సగం ఆఫ్రికాన్స్‌లో చెప్పాలని దాని సారాంశం. సైన్సు, చేతిపనులు ఇంగ్లీషులో. లెక్కలు, సాంఘిక శాస్త్రం ఆఫ్రికాన్స్‌లో. పిల్లల సొంత భాషలకు, అంటే జులూ, సోతో, త్స్వానా లాంటివాటికి మిగిలినవి మతబోధ, సంగీతం, వ్యాయామం పీరియడ్లు.

అధికార భాషలు రెండూ సమానం కాబట్టి బడిలోనూ సగం సగం ఉండాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. తల్లిదండ్రులను అడిగారా అంటే, అప్పటి విద్యాశాఖ ఉపమంత్రి పుంట్ జాన్సన్, భాష విషయంలో ఆఫ్రికన్లను సంప్రదించలేదనీ, ఇకముందు కూడా సంప్రదించేది లేదనీ బహిరంగంగానే అన్నాడు. రేపు పనిచేసే చోట పెద్ద దొరకు ఆఫ్రికాన్స్ మాత్రమే రావచ్చు కాబట్టి రెండూ నేర్చుకుంటే వాళ్లకే మంచిదట. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. ఆ పిల్లలు రేపు ఎవరి కింద పనిచేస్తారో ముందే తేల్చేసి, ఆ దొరకు అర్థమయ్యే భాషలో లెక్కలు నేర్పమన్నారు.

ఇంకో భాష నేర్చుకోమంటే అంత గొడవ ఎందుకు? మనం మూడు భాషలు చదవట్లేదా?

భాషను ఒక సబ్జెక్టుగా చదవడం వేరు, ఆ భాషలో మిగతా సబ్జెక్టులు చదవడం వేరు. ఆ పిల్లలు ఆఫ్రికాన్స్‌ను సబ్జెక్టుగా అప్పటికే చదువుతున్నారు. ఇప్పుడు లెక్కలు అందులో చెయ్యమన్నారు.

ఆ క్లాసు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. బోర్డు మీద లెక్క రాసి ఉంటుంది. అది మాటల్లో ఇచ్చిన లెక్క, ఆఫ్రికాన్స్‌లో ఉంది. పిల్లాడికి కూడికలు, భాగహారాలు వచ్చు, కానీ ఏది కూడాలో దేన్ని భాగించాలో ఆ వాక్యం చదివితే తెలియదు. మాస్టారిని అడిగితే ఆయనకూ అంతంతమాత్రమే, ఎందుకంటే నల్లజాతి టీచర్లలో ఎక్కువమంది ఇంగ్లీషులో చదువుకుని ట్రైనింగ్ అయినవాళ్లు. ఒక ముక్క ఆఫ్రికాన్స్, ఒక ముక్క ఇంగ్లీషు, మధ్యలో జులూ కలిపి ఎలాగో నెట్టుకొస్తారు. పరీక్ష పేపరు మాత్రం పూర్తిగా ఆఫ్రికాన్స్‌లోనే వస్తుంది. తప్పితే తెలివి తక్కువని పిల్లాడి మీదకే నెడతారు. పిల్లలు తిరగబడింది ఈ పరిస్థితి మీద.

గొడవంతా భాషతోనే వచ్చిందా?

కాదు. అసలు మూలం 1953 నాటి బంటు ఎడ్యుకేషన్ చట్టం. అంతకు ముందు నల్లజాతి పిల్లలు ఎక్కువగా క్రైస్తవ మిషన్ బడుల్లో చదివేవాళ్లు. ఆ చట్టంతో వాళ్ల చదువంతా ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది. దాన్ని తెచ్చిన మంత్రి హెండ్రిక్ వెర్వోర్డ్, తర్వాత ప్రధాని అయ్యాడు. కొన్ని రకాల కూలిపనుల స్థాయిని దాటి తెల్లసమాజంలో నల్లవాడికి చోటు లేదని, వాడుకునే అవకాశమే లేని పిల్లాడికి లెక్కలు నేర్పి ఏం ప్రయోజనమని అప్పట్లోనే బాహాటంగా మాట్లాడాడు.

డబ్బు లెక్క చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1975-76లో ఒక తెల్లపిల్లాడి చదువు మీద ఏడాదికి 644 రాండ్లు ఖర్చుపెడితే నల్లపిల్లాడికి కేటాయించింది 42 రాండ్లు. దానికితోడు సరిగ్గా 1976లోనే స్టాండర్డ్ 6 తీసేయడంతో రెండు బ్యాచ్‌లు ఒకేసారి హైస్కూల్లోకి వచ్చిపడ్డాయి. 38 వేల మందికి చోటున్న ఫారం 1 (హైస్కూల్ మొదటి ఏడాది) తరగతుల్లో రెండున్నర లక్షల మందికి పైగా చేరారు. కూర్చోడానికి బల్ల లేని, పుస్తకం లేని క్లాసులోకి ఈ కొత్త భాష వచ్చింది.

ఇంగ్లీషు మాత్రం వాళ్ల భాషా? మాతృభాషలో చదువు ఎందుకు అడగలేదు?

తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, అడగాల్సిన ప్రశ్న కూడా. జవాబు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. మాతృభాషలో చదువన్నది అక్కడ అప్పటికే ఉంది, పెట్టింది కూడా ఆ జాతివివక్ష ప్రభుత్వమే. ప్రాథమిక తరగతులన్నీ మాతృభాషలో సాగేవి. కానీ దాని వెనక ఉద్దేశం ఆ భాషల మీద ప్రేమ కాదు. జులూలను జులూలుగా, సోతోలను సోతోలుగా ఎవరి గుంపులో వాళ్లను ఉంచడానికి, బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా చెయ్యడానికి దాన్ని వాడారు. అందుకే చాలామంది తల్లిదండ్రులకు మాతృభాష చదువంటేనే అనుమానం పుట్టింది. ఇంగ్లీషు వస్తే పెద్ద చదువులు, మిగతా ఆఫ్రికా, ప్రపంచం అందుబాటులో ఉంటాయి. ఆఫ్రికాన్స్ వస్తే పాస్ (నల్లవాళ్లు ఎప్పుడూ వెంట పెట్టుకోవాల్సిన అనుమతి పుస్తకం) తనిఖీ చేసే పోలీసు మాట, జరిమానా వేసే ఆఫీసరు మాట అర్థమవుతాయి. పిల్లలు ఏది ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో వాళ్లకు బాగా తెలుసు.

మంచి పద్ధతిని కూడా చెడ్డ ఉద్దేశంతో జనం మీద రుద్దితే ఆ పద్ధతికే చెడ్డపేరు వస్తుంది. దక్షిణాఫ్రికాలో మాతృభాషా బోధన మీద ఆ మచ్చ పోవడానికి చాలా దశాబ్దాలు పట్టింది, ఇంకా పూర్తిగా పోలేదు.

దీన్ని నడిపించింది ఎవరు? వెనక పార్టీలేమైనా ఉన్నాయా?

పిల్లలే. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అప్పటి ప్రభుత్వం కూడా ఎవరో బయటివాళ్లు రెచ్చగొట్టారనే చెప్పింది. పెద్దవాళ్లు ముందు మర్యాదగానే అడిగి చూశారు. స్కూల్ బోర్డులు అభ్యంతరం చెప్పాయి. సొవెటోలోని మెడోలాండ్స్ బస్తీలో బోర్డు సభ్యులను పదవుల్లోంచి తీసేశారు. ఆ తర్వాత, 1976 మే నెలలో, ఓర్లాండో వెస్ట్ జూనియర్ సెకండరీ స్కూల్ పిల్లలు క్లాసుల బహిష్కరణ మొదలుపెట్టారు. ఒక్కొక్కటిగా మిగతా బడులు చేరాయి.

జూన్ 13, ఆదివారం ఓర్లాండోలోని ఒక కమ్యూనిటీ సెంటర్‌లో వేర్వేరు స్కూళ్ల విద్యార్థులు కలిశారు. మోరిస్ ఐజాక్‌సన్ హైస్కూల్ విద్యార్థి త్సీయెత్సి మషినీని అందరం కలిసి ఊరేగింపు చేద్దామని ప్రతిపాదించాడు. యాక్షన్ కమిటీ ఏర్పాటైంది. సెత్ మజిబూకో, మర్ఫీ మొరోబే లాంటివాళ్లు అందులో ముఖ్యులు. స్టీవ్ బీకో పేరుతో ముడిపడిన నల్లజాతి చైతన్య ఉద్యమం ప్రభావం వాళ్ల మీద బాగా ఉంది, ఆ భావాలున్న విద్యార్థి సంఘంలో చాలామంది సభ్యులు కూడా. కానీ ప్రభావం వేరు, వెనక నుంచి ఎవరో ఆడించడం వేరు. మూడు రోజుల్లో అన్ని వేలమందిని కదిలించి, ఆ కబురు ఇళ్లలో అమ్మానాన్నలకు తెలియకుండా దాచారు. ఆ ఉదయం చాలామంది తల్లులు పిల్లల్ని మామూలుగానే బడికి పంపి, రైలెక్కి తెల్లవాళ్ల ఇళ్లలో పనికి వెళ్లిపోయారు.

ఆ రోజు ఉదయం ఏం జరిగింది?

చలికాలం. మనకు జూన్ అంటే ఎండలు తగ్గి వానలు పట్టే రోజులు గానీ అక్కడ జూన్‌లో పొద్దున్నే వణికిస్తుంది. నలేది హైస్కూల్ నుంచి ఒక గుంపు, మోరిస్ ఐజాక్‌సన్ నుంచి ఇంకో గుంపు, దారిలో ఒక్కో స్కూలు దగ్గర ఆగి అక్కడి పిల్లలను కలుపుకుంటూ నడిచాయి. అందరూ ఓర్లాండో వెస్ట్‌లో కలిసి, అక్కడి నుంచి ఓర్లాండో స్టేడియానికి వెళ్లి సభ పెట్టుకోవాలని ప్లాన్. అట్టముక్కల మీద, నోట్‌బుక్ అట్టల మీద చేత్తో రాసుకున్న ప్లకార్డులు పట్టుకున్నారు. ఒకదాని మీద, మేం ఆఫ్రికాన్స్ చదవాలంటే వోర్‌స్టర్ జులూ చదవాలి అని ఉంది. వోర్‌స్టర్ అప్పటి ప్రధాని. ఎంత సూటిగా ఉందో చూడండి, పేజీలకు పేజీల వినతిపత్రం చెప్పాల్సింది ఒక అట్టముక్క మీద పట్టింది.

పోలీసులు వస్తున్నారన్న కబురు అందగానే మషినీని ఒక ట్రాక్టర్ ఎక్కి, ప్రశాంతంగా ఉండండి, వాళ్లను రెచ్చగొట్టకండి, మనం కొట్లాటకు రాలేదు అని అందరికీ చెప్పాడు. ఓర్లాండో వెస్ట్ దగ్గర పోలీసులు అడ్డం నిలబడ్డారు. పిల్లలు పాటలు పాడుతున్నారు. పోలీసులు కుక్కను వదిలారు, పిల్లలు దాన్ని చంపేశారు. టియర్ గ్యాస్ వేశారు, రాళ్లు పడ్డాయి. ఆ తర్వాత తుపాకులు పేలాయి. చెదిరిపొమ్మని అందరికీ వినపడేలా హెచ్చరిక చేసిందీ లేదు.

ఫొటోలో ఉన్న ముగ్గురు ఎవరు?

చేతుల్లో ఉన్న పిల్లాడు హెక్టర్ పీటర్సన్, వయసు 12. మోస్తున్న కుర్రాడు మ్బుయీసా మఖూబు, 18 ఏళ్లు. హెక్టర్‌కు అతను ఏమీ కాడు, దగ్గర్లో ఉండి పడిపోయిన పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు, అంతే. పక్కన పరిగెడుతున్నది హెక్టర్ అక్క ఆంత్వానెట్, ఆమెకు 17.

ఆంత్వానెట్ తర్వాత చాలాసార్లు చెప్పిన మాట ఇది. ఊరేగింపు పెద్ద క్లాసులవాళ్లది, చిన్నపిల్లలు రాకూడదు. గుంపులో తమ్ముణ్ణి చూసి ఆశ్చర్యపోయి, ఇక్కడే ఉండు, ఎక్కడికీ వెళ్లకు అని చెప్పింది. కాల్పులు మొదలయ్యాక అందరూ తలోదిక్కూ పరిగెత్తారు. మళ్లీ వెతుక్కుంటూ వచ్చేసరికి ఎవరో ఒక పిల్లాణ్ణి ఎత్తుకుని పోతున్నారు. ముఖం కనపడలేదు, బూట్లు కనపడ్డాయి. ఆ బూట్లు తమ్ముడివని గుర్తుపట్టింది. ఒక జర్నలిస్టు కారులో క్లినిక్‌కు తీసుకెళ్లారు గానీ అప్పటికే ప్రాణం పోయింది.

పీటర్సన్ అన్నది ఆ కుటుంబం అసలు ఇంటిపేరు కాదు. అసలు పేరు పిట్సో. వర్ణసంకరులుగా (తెల్ల, నల్ల కాక ప్రభుత్వం విడిగా పెట్టిన ‘కలర్డ్’ వర్గం) లెక్కలోకి వస్తే నల్లవాళ్లకంటే కాస్త మెరుగ్గా బతకొచ్చని పేరు మార్చుకున్నారు. ఆ దేశంలో ఇంటిపేరు కూడా తలదాచుకునే చోటు అయ్యింది.

ఫొటో తీసింది ఎవరు? బయటికి ఎలా వచ్చింది?

ద వరల్డ్ అనే పత్రికలో పనిచేసే శామ్ న్జీమా. వరసగా కొన్ని ఫొటోలు కొట్టి, పోలీసులు కెమెరాలు లాక్కుని రీళ్లు పాడుచేస్తారని తెలుసు కాబట్టి, ఫిల్మ్ తీసి సాక్సులో దాచి పంపించాడు. మర్నాటికి ప్రపంచమంతా ఆ ఫొటో చూసింది. న్జీమాకు మాత్రం పోలీసు వేధింపులు మొదలయ్యాయి. ఉద్యోగం వదిలేసి సొంతూరు లిలీడేల్ వెళ్లిపోతే అక్కడా గృహనిర్బంధం. మళ్లీ పత్రికారంగంలోకి రాలేదు. ఆ ఫొటో మీద హక్కులు ఆయన చేతికి రావడానికి 1998 దాకా పట్టింది. 2018లో చనిపోయాడు. ఆ ఫొటో పంచుకునేటప్పుడు కింద ఆయన పేరు రాయండి, దయచేసి.

మొదట చనిపోయింది హెక్టరేనా?

చాలామంది అలాగే రాస్తారు. కానీ ఆ ఉదయం హేస్టింగ్స్ ఎండ్లోవు అనే 15 ఏళ్ల కుర్రాడికి అంతకంటే ముందే తూటా తగిలిందని ఎక్కువమంది చరిత్రకారుల మాట. అక్కడ ఫొటోగ్రాఫర్ లేడు, కాబట్టి ఆ పేరు మనదాకా రాలేదు. హెక్టర్‌ను గుర్తుచేసుకున్నప్పుడల్లా హేస్టింగ్స్ పేరు కూడా పలకాలని నా కోరిక.

మొత్తం ఎంతమంది చనిపోయారు?

మొదటి రోజుకు 23 మంది అన్నది అధికారిక లెక్క. ప్రభుత్వం వేసిన సిలియే కమిషన్, 1977 ఫిబ్రవరి దాకా దేశమంతటా జరిగిన అల్లర్లలో 575 మంది చనిపోయారని, అందులో 451 మంది పోలీసుల చేతిలోనేనని తేల్చింది. అసలు సంఖ్య 700 దాకా ఉంటుందని చెప్పేవాళ్లున్నారు. ఎక్కడైనా 176 అని కనిపిస్తే అది తొలి రోజుల లెక్క.

పిల్లలు కూడా హింసకు దిగారు కదా?

దిగారు, దాచక్కర్లేదు. కాల్పుల తర్వాత ప్రభుత్వ ఆఫీసులు, పాలకమండలి నడిపే బీరు హాళ్లు, సారా దుకాణాలు తగలబెట్టారు. తండ్రుల జీతాలు ఆ బీరు హాళ్లలోనే పోతున్నాయని, ఆ లాభంతోనే తమను అణిచే ఆఫీసులు నడుస్తున్నాయని పిల్లలకు కోపం. కానీ ఆ రోజు చనిపోయినవాళ్లలో డాక్టర్ మెల్విల్ ఎడెల్‌స్టీన్ అనే తెల్లజాతి సంక్షేమ అధికారి కూడా ఉన్నారు. సొవెటో యువత కోసం ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి, వాళ్లలో అసంతృప్తి ఎంత పెరిగిందో ముందే అధ్యయనం చేసి చెప్పిన మనిషి, గుంపు చేతిలో చనిపోయారు. జూన్ 16 స్మరణలో ఆయన పేరు కూడా ఉండాలి. అయితే వరస మర్చిపోవద్దు, ఈ తగలబెట్టడాలన్నీ పిల్లల మీద తూటాలు పేలిన తర్వాత జరిగినవి.

ఆఫ్రికాన్స్ అంటేనే వాళ్లకు ద్వేషమా?

ఆఫ్రికాన్స్ తెల్లవాళ్ల సొత్తు కాదు. డచ్చి నుంచి కేప్ ప్రాంతంలో పుట్టిన భాష అది, బానిసలు, మలయా ముస్లింలు, స్థానిక ఖోయి జనం అందరి నోళ్లలో నలిగి తయారైంది. కేప్ మదరసాల్లో అరబ్బీ లిపిలో కూడా రాశారు. ఇప్పటికీ దాన్ని ఇంట్లో మాట్లాడేవాళ్లలో తెల్లవాళ్లకంటే మిగతావాళ్లే ఎక్కువ.

ఇంకో సంగతి. 1976 ఆగస్టు, సెప్టెంబరులలో కేప్‌టౌన్‌లో వర్ణసంకరులుగా ముద్రపడిన జనం పిల్లలు సొవెటోకు మద్దతుగా క్లాసులు మానేసి రోడ్డెక్కారు. వాళ్లలో చాలామంది అమ్మభాష ఆఫ్రికాన్సే! తమ అమ్మభాషను రుద్దడానికి వ్యతిరేకంగా, ఆ భాష రాని పిల్లల కోసం వాళ్లు దెబ్బలు తిన్నారు. ఈ పోరాటం దేనిమీదో ఇంతకంటే స్పష్టంగా నేను చెప్పలేను.

ఉత్తర్వు రద్దయిందా?

అయింది. సరిగ్గా మూడు వారాలు కూడా కాకముందే, జులై 6న, ఏ మీడియం కావాలో బడులే నిర్ణయించుకోవచ్చని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికి అది చాలని అనేవాళ్లు లేరు. పోరాటం బంటు ఎడ్యుకేషన్ మీదకు, ఆ తర్వాత మొత్తం జాతివివక్ష మీదకు మళ్లింది. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి జూన్ 19నే ఖండించింది. అంతకు ముందే, కాల్పుల మర్నాడు జూన్ 17న, జొహానెస్‌బర్గ్ విట్స్ యూనివర్సిటీలో తెల్లజాతి విద్యార్థులు కూడా నిరసన ఊరేగింపు తీశారు. 1977 సెప్టెంబరులో బీకో పోలీసు కస్టడీలో చనిపోయాడు, అక్టోబరు 19న పద్దెనిమిది సంస్థలను, ద వరల్డ్ పత్రికను నిషేధించారు, నవంబరులో దక్షిణాఫ్రికాకు ఆయుధాలు అమ్మడం మీద ఐక్యరాజ్యసమితి నిషేధం తప్పనిసరి అయింది. వేలమంది పిల్లలు సరిహద్దు దాటి ప్రవాసంలోకి పోయారు, చాలామంది మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ సాయుధ దళంలో చేరారు.

ఇందులో మండేలా పాత్ర ఏమిటి?

ఆయన అప్పటికి పదమూడేళ్లకు పైగా జైల్లో ఉన్నారు. ఈ ఊరేగింపు ఆయన పిలుపుతో జరిగింది కాదు. అరెస్టయిన కుర్రాళ్లు తర్వాత రాబెన్ దీవి జైలుకు వచ్చినప్పుడు, ఏ మాత్రం భయంలేని ఆ కొత్త తరాన్ని చూసి పాత ఖైదీలే ఆశ్చర్యపోయారు.

ఆ పిల్లల సంగతి తర్వాత ఏమైంది?

మషినీని పోలీసుల వేట తప్పించుకుని బోట్స్‌వానా మీదుగా దేశం దాటాడు. 1990లో, నిర్బంధాలన్నీ సడలుతూ మండేలా విడుదలైన ఏడాదే, గినీ దేశంలో చనిపోయాడు. ఎలా చనిపోయాడన్నది తేలలేదు. శవపేటిక సొవెటోకు వచ్చింది. మ్బుయీసా మఖూబు కూడా దేశం వదిలాడు. 1978లో నైజీరియా నుంచి తల్లికి ఒక ఉత్తరం వచ్చింది, ఆ తర్వాత జాడ లేదు. సెత్ మజిబూకో, మొరోబే జైలుకు వెళ్లొచ్చి ప్రజాజీవితంలో కొనసాగారు. ఆంత్వానెట్, తమ్ముడు హెక్టర్ పేరు మీద సొవెటోలో 2002 జూన్ 16న తెరిచిన మ్యూజియంలో పనిచేస్తూ, వచ్చినవాళ్లకు ఆ రోజు సంగతి చెబుతూ వచ్చింది.

తెలుగువాళ్లకు దీనితో ఏమైనా సంబంధం ఉందా?

సొవెటో ఊరేగింపుతో నేరుగా లేదు, ఉన్నట్టు రాయకూడదు. కానీ దక్షిణాఫ్రికాతో ఉంది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నాటాల్ చెరుకు తోటలకు కూలీలుగా పోయినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల వారసులు డర్బన్ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు, ఆంధ్ర మహాసభను 1931లోనే పెట్టుకున్నారు. జాతివివక్ష కింద వాళ్లకూ విడి బడులు, విడి కాలనీలే.

1996 రాజ్యాంగం చూడండి. అందులో పదకొండు అధికార భాషలున్నాయి (2023లో సంజ్ఞా భాష పన్నెండోది అయింది). వాటితోపాటు దేశంలోని ఇతర జనం వాడే భాషలను కూడా ప్రోత్సహించాలని, గౌరవించాలని రాసి, కొన్ని భాషల పేర్లు ఇచ్చారు. తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూల పక్కన తెలుగు పేరు ఉంది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో, ఆచరణలో వీలైనంతవరకు, తాము కోరుకున్న అధికార భాషలో చదువుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని అదే రాజ్యాంగంలో 29వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ చదివితే నాకు 1974 సర్క్యులర్ గుర్తొస్తుంది.

ఇప్పుడు అక్కడ పిల్లలు ఏ భాషలో చదువుతున్నారు?

మొదటి మూడు తరగతులు సాధారణంగా అమ్మభాషలో, నాలుగు నుంచి ఎక్కువమందికి ఇంగ్లీషులో. ఆ మార్పు దగ్గరే చాలామంది పిల్లలు వెనకబడిపోతున్నారని గుర్తించి, 2025 నుంచి నాలుగో తరగతిలో లెక్కలు, సైన్సు అమ్మభాషలో కూడా చెప్పే పద్ధతి మొదలుపెట్టారు. ఆ దారిలో ఇంకా చాలా పని మిగిలి ఉంది.

మన దగ్గర మీడియం వాదనల్లో సొవెటోను ఉదాహరణగా చూపొచ్చా?

జాగ్రత్తగా. తెలుగు మీడియం కావాలనేవాళ్లూ, ఇంగ్లీషు మీడియం కావాలనేవాళ్లూ ఇద్దరూ దీన్ని తమవైపు లాక్కోవడం చూశాను. సొవెటో పిల్లలు ఏ భాష గొప్పదో తేల్చడానికి బయల్దేరలేదు. చదివేది మేము, పరీక్ష రాసేది మేము, మమ్మల్ని అడగకుండా ఎలా నిర్ణయిస్తారు అని అడిగారు. ఆ ప్రశ్న ఎవరు అడిగినా సొవెటో పేరు ఎత్తొచ్చు. చర్చలో నెగ్గడానికి మాత్రం ఆ పిల్లల చావులు వాడుకోవద్దు.

జూన్ 16న మా స్కూల్లో ఏదైనా చెయ్యాలనుకుంటున్నాం, ఏం చెయ్యొచ్చు?

దక్షిణాఫ్రికాలో 1995 నుంచి ఆ రోజు యువజన దినంగా సెలవు. ఆఫ్రికా దేశాలన్నీ 1991 నుంచి ఆఫ్రికా బాలల దినంగా జరుపుతున్నాయి. 2026తో 50 ఏళ్లు. మన దగ్గర అప్పటికి బడులు తెరిచి కొద్దిరోజులే అవుతుంది, పుస్తకాలు కూడా పూర్తిగా వచ్చి ఉండవు, కాబట్టి ఒక పీరియడ్ దొరకడం కష్టం కాదు. చిన్న క్లాసులకు ఫొటో చూపించకండి. ఎనిమిది, తొమ్మిది, పది వాళ్లకు చూపించొచ్చు, ముగ్గురి పేర్లూ, తీసినాయన పేరూ చెప్పి, హేస్టింగ్స్ సంగతి కూడా కలపండి. ఉపన్యాసం పెట్టొద్దు. వాళ్లకు రాని భాషలో ఒక లెక్క బోర్డు మీద రాసి చెయ్యమనండి, కన్నడ లిపిలో అయితే కొందరు గుర్తుపట్టేస్తారు, కాబట్టి బెంగాలీయో ఒడియానో వాడండి. పది నిమిషాలు ఇచ్చి, మార్కులు వేస్తామని చెప్పండి. ఆ తర్వాత సొవెటో కథ చెప్పి, మీ బడిలో మిమ్మల్ని అడగకుండా తీసుకున్న నిర్ణయాలేమిటో రాయమనండి. వాళ్లు రాసినవి హెడ్మాస్టరు గారి టేబుల్ మీదకు నిజంగా చేరేలా చూడండి.